నామం కాదప్పా, నాము

పశువుల డాక్టరు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు హోసూరులో మా ఇంటికి అప్పుడప్పుడు వస్తుంటారు. కాఫీ తాగి, "సార్, మీ అనుభవాలు నాలుగు చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకునేసరికి వాళ్ల బస్సు టైమవుతుంది. అందుకే రాసి పెడుతున్నాను. బస్సులో కూర్చుని చదువుకోవచ్చు.

ప్రమోషన్ల సంగతి ఇందులో లేదు. అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, ఆలస్యంగా. నేను బతికించిన పశువుల జాబితా కూడా లేదు. వాటిలో సగం నేను పోకపోయినా బతికేవి. ఒక ఆవు గురించి, ఒక ఎద్దు గురించి, నేను అవసరం లేని గొంతుతో పలికిన ఒక మాట గురించి రాస్తాను. ఆ మాట వల్ల ఒక ఇంటికి మంచినీళ్లు బందయ్యాయి. ఈ ఉద్యోగంలో సూది గుచ్చడం నేర్చుకోవడానికి ఆరు నెలలు పడుతుంది. నోరు ఎప్పుడు మూసుకోవాలో తెలియడానికి నాకు పదిరోజులు పట్టింది. అయితే ఆ పదిరోజులూ చాలా పొడుగు.

నేనూ, ఒక సైకిలూ

మాది కృష్ణగిరిలో బట్టల కొట్టు. మా ఇంట్లో పశువు అంటే కాఫీలోకి వచ్చే పాలు, అంతే. పాలకు ముందు గడ్డి ఉంటుందని మద్రాసులో చదువుకునేటప్పుడు ఇంగ్లీషులో తెలిసింది. డెబ్బైల చివర్లో నన్ను కుందారపల్లికి అవతల ఒక డిస్పెన్సరీలో వేశారు. డిస్పెన్సరీ అంటే ఒక గది, ఒక బీరువా. బీరువా తాళంచెవి పోయింది కాబట్టి దాన్ని ఎప్పుడూ మూసేవాళ్లం కాదు. కాంపౌండరు మునిరత్నం అక్కడ పదేళ్లుగా ఉన్నాడు. అతనికి అన్నీ తెలుసు. అడిగితేనే చెప్పేవాడు. అడగాలని నాకు తెలియదు.

ఊళ్లో నన్ను శెట్టి డాక్టరు అనేవాళ్లు. "శెట్టి కొడుకుకి మూర తెలుసు, మేత తెల్దు" అని నా వెనకాల అనేవాళ్లు. తరవాత నా ముందే అనడం మొదలుపెట్టారు. అది పరిచయం పెరిగినందుకు గుర్తు అనుకుని సంతోషించాను.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయి. రాగి పైరు ఎండిపోయింది. మేతకని వేసిన జొన్నను మోకాలెత్తులోనే కోసేసుకున్నారు. నేలంతా గోనెపట్టా రంగులో ఉండగా ఒక సాయంత్రం నాలుగు చినుకులు పడ్డాయి. ఆ నాలుగు చినుకులకే జొన్న కొయ్యకాళ్ల మొదట్లోంచి పిలకలు లేచాయి. చుట్టుపక్కల పచ్చగా కనిపించేది అదొక్కటే. సైకిలు మీద పోతూ, "ఆహా, పశువులకు ఇక పండగే" అన్నాను. మునిరత్నం వెనక కూర్చుని ఉన్నాడు. "ఊ" అన్నాడు. ఆ "ఊ"కి అర్థం అడగాల్సింది.

రామక్క ఆవు

రామక్క భర్త బెంగుళూరులో కట్టడం పనికి పోయాడు. ఊళ్లో ఆమెకు రెండెకరాలు, ఒక ఆవు, గట్టుకు అవతల ఒక మరిది. మరిది పేరు క్రిష్ణప్ప. ఆ గట్టు ఎవరిదో తేలక ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. బావి మాత్రం ఉమ్మడిది. ఇద్దరూ మాట్లాడుకోకుండానే వంతులవారీగా నీళ్లు తోడుకునేవాళ్లు.

ఒక రోజు పొద్దున ఎవరో పరుగెత్తుకొచ్చారు. "డాక్టరప్పా, బిరీన రా, రామక్క ఆవు పడిపాయె!" మేం పోయేసరికి ఆవు గట్టు పక్కన పడి కాళ్లు కొట్టుకుంటోంది. నోరు తెరిచి ఎగశ్వాస. నేను బ్యాగు తెరిచేలోపల అది తన పని ముగించుకుంది. ఎండకు బిగుసుకుపోయిన నా బ్యాగు బకిలు మాత్రం అప్పుడు ఊడింది.

గొర్రెలు మేపే చిన్నప్ప అక్కడే కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. డెబ్బై ఏళ్లు ఉంటాయి. తాపీగా అన్నాడు: "నాము తగిలిందప్పా."

నేను ఆవు నుదురు చూశాను. అక్కడ నామం ఏమీ లేదు.

"నామం యాడ తగిలింది తాతా?" అన్నాను.

చిన్నప్ప నన్ను చూశాడు. తరవాత మునిరత్నాన్ని చూశాడు. "ఈయప్ప యాడ చదివినాడు?"

"మద్రాసులో."

"ఓ. దూరమే."

అంతటితో ఆ సంగతి వదిలేసి నేను నా చదువుకు దిగాను. మెడనరం కోసి చూస్తే రక్తం నల్లగా రాలేదు. కుంకుమ కలిపిన నీళ్లలా ఎర్రగా, నిగనిగలాడుతూ వచ్చింది. నా తలలో పుస్తకం పేజీ తెరుచుకుంది, కుడిపక్క, పైనుంచి మూడో పేరా. సైనైడు! పరీక్షలో వదిలేసిన ప్రశ్న నా కాళ్ల దగ్గర పడి ఉంది. బాదం వాసన కూడా రావాలని పుస్తకంలో ఉంది. ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఆవు వాసనే వచ్చింది. ఆ వాసన కొందరి ముక్కులకు పుట్టుకతోనే తెలియదని తరవాత విన్నాను. అప్పటికి మాత్రం ఆవే తప్పు అనుకున్నాను.

లేచి నిలబడి, కళ్లద్దాలు తీసి, ఊరంతా వినేట్టు అన్నాను: "ఇది విషం."

రామక్క మెల్లగా మెడ తిప్పి గట్టుకు అవతలికి చూసింది.

"విషమా? ఇంగెవురు పెడతారు? వాడే!" గొంతు పైకి లేచింది. "ఒరే క్రిష్ణప్పా! గట్టు కోసరం మూగజీవాన్ని సంపుతావారా?"

క్రిష్ణప్ప చేతిలో పార అలాగే ఉండిపోయింది. "వదినా, నేను జేసింటే నా కండ్లు పోనీ. నాకేం తెల్దు."

నేను సర్దిచెప్పబోయాను. "అది కాదమ్మా, విషం మేతలోనే ఉండాది..."

"అదే చెప్తా ఉండా! మేతలో కలిపినాడు!"

"కలపలేదమ్మా, ఆకులోనే..."

"ఆకు మీద సల్లినాడా? పాపిష్టోడు!"

నేను ఎక్కించిన ప్రతి మాటా అవతలి బండికే పోయింది. ఊరిపెద్ద వెంకటప్ప వచ్చి, సంగతి విని, నన్ను అడిగాడు: "విషమేనా డాక్టరప్పా?" విషమే. ఏం చెప్పను? తల ఊపాను. వచ్చే వారం శుక్రవారం పంచాయితీ అన్నాడు. సంగతి తేలేదాకా క్రిష్ణప్ప ఉమ్మడి బావిలో కడవ ముంచకూడదన్నాడు.

కరువు ఏడు. మరో బావి మైలున్నర దూరం. మర్నాటి నుంచి క్రిష్ణప్ప సైకిలుకు రెండు కడవలు కట్టుకుని డిస్పెన్సరీ ముందు నుంచే పోయేవాడు. నన్ను చూసి బెల్లు కొట్టేవాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

పెద్ద డాక్టరు

నాలుగో రోజు కృష్ణగిరికి పోయి మా పెద్ద డాక్టరు ముందు నిలబడ్డాను. చిత్తూరు వైపు మనిషి. ఆయనకు దేనికీ ఆశ్చర్యం కలగదు, భోజనం ఆలస్యమైతే తప్ప. నేను రక్తం రంగు దగ్గర గొంతు తగ్గించి, సైనైడు దగ్గర పెంచి, కథంతా చెప్పాను.

"పిలకలు ఎంత ఎత్తు ఉండాయి?" అని అడిగారు.

"చూడలేదు సార్."

"మరి ఏం చూసినావు?"

"రక్తం సార్."

"సచ్చిపోయిన ఆవుకు రక్తం బాగుంటే ఏం, బాగలేకుంటే ఏం. చేలోకి పోయి చూడాల్సింది. ఊళ్లో ఎవరూ ఏమీ చెప్పలేదా?"

"ఎవరో ముసలాయన నామం తగిలింది అన్నాడు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నవ్వి, దగ్గి, మంచినీళ్లు తాగి, మళ్లీ నవ్వారు. "నామం కాదయ్యా, నాము! జొన్న కోసినాక కొయ్యకాళ్లకు వచ్చే పిలకలు. అవి తింటే గొడ్డు సస్తుంది. మా అవ్వకు తెలుసు, ఆమె అవ్వకు తెలుసు. ఆవుకు తగిలింది నాము. నీకు పడింది నామం."

తరవాత నవ్వు ఆపి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సైనైడు అని నువ్వు కనిపెట్టింది కరెక్టే. అయితే ఊళ్లో విషం అంటే దాన్ని పెట్టిన చెయ్యి ఒకటి ఉంటుంది. నాము అంటే చెయ్యి ఉండదు. ఆ ముసలాయన చెప్పింది నువ్వు మళ్లీ ఒకసారి గట్టిగా అనింటే చాలు, ఆవు ఒక్కటే పోయేది."

గడ్డి సంగతి

ఆయన దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. పుస్తకంలోనూ ఉంది, కానీ అక్కడ నిద్రవస్తుంది.

జొన్న కూడా గడ్డి జాతే. గడ్డికి కాళ్లు లేవు, కొమ్ములు లేవు, అరిచే నోరు లేదు. అందుకని లేత ఆకులో రెండు సరుకులు వేరువేరు గదుల్లో దాచుకుంటుంది. ఒకటి, చక్కెరతో ముడివేసిన విషం. రెండు, ఆ ముడి విప్పే ఎంజైము. ఆకు నిలబడి ఉన్నంతసేపూ రెండూ కలవవు. పశువు నమిలితే గోడ కూలి రెండూ కలుస్తాయి, సైనైడు వాయువు పుడుతుంది. అది ఒంట్లోకి పోతే గాలి పీల్చినా ఒళ్లు దాన్ని వాడుకోలేదు. వాడుకోని ప్రాణవాయువు రక్తంలోనే ఉండిపోతుంది. అందుకే ఆ ఎరుపు. చావుకు అంత మంచి రంగు ఉండడం అన్యాయం.

బాగా పెరిగిన జొన్నలో ఈ సరుకు పలచబడుతుంది. నీళ్లు లేక గిడసబారిన మొక్కలో పలచబడదు. పెరుగుదల ఆగుతుంది, సరుకు ఆగదు. కరువులో మొక్క అలా ఎందుకు చేస్తుందంటే పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా ఒక్కమాట మీద లేరు. తినేవాళ్లను తరమడానికని కొందరు, మంచిరోజులకు నత్రజని దాచుకోవడానికని కొందరు. జొన్నను అడిగితే అదీ మునిరత్నంలా "ఊ" అంటుందేమో. ఇంకా ప్రమాదం ఎప్పుడంటే, కరువు తరవాత నాలుగు చినుకులు పడి కొయ్యకాళ్ల నుంచి పిలక లేచినప్పుడు. యూరియా వేస్తే మరీనూ. పచ్చగా ఉంది కదా అని మనం మురిసేది సరిగ్గా అప్పుడే. అదే ఆకును కోసి బాగా ఎండబెడితే విషం చాలావరకు గాలికి పోతుంది.

దీన్ని పట్టడానికి ఒక కాగితం ఉంది. పిక్రిక్ ఆమ్లం, సోడా కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టిన పసుపుపచ్చ కాగితం ముక్క. నలిపిన ఆకును సీసాలో వేసి, ఆకుకు తగలకుండా కాగితాన్ని పైన వేలాడదీసి మూత బిగిస్తే, ఆకులో విషం ఉంటే కాగితం ఇటుకరంగుకు తిరుగుతుంది. ఎనభైల్లో హోసూరుకు మారాక, బెంగుళూరు పాల కోసం ఇంటింటా సంకరజాతి ఆవులు కట్టుకున్న రోజుల్లో, ఈ ముక్కలు చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. అక్కడి ఆడవాళ్లు దానికి పసుపు-కుంకుమ కాగితం అని పేరు పెట్టారు. "కుంకుమ అయితే మేత వద్దు" అని ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. నేను నెలరోజులు ఉపన్యాసం ఇచ్చినా అంత బాగా ఎక్కేది కాదు.

ఆ రోజు పెద్ద డాక్టరు ఈ కాగితం ముక్కలతో పాటు విరుగుడుగా రెండు రకాల సూదిమందు ఇచ్చారు. కడుపులోకి పోయడానికి హైపో కావాలి, ఫోటో స్టూడియోలో అడుగు అన్నారు. ఫోటోలు కడిగే హైపోయే. స్టూడియో ఆయన పొట్లం కడుతూ, "పెండ్లి ఫోటోలకా?" అన్నాడు.

"లేదు, ఆవుకో ఎద్దుకో."

"కలరా, బ్లాక్ అండ్ వైటా?" అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. ఆయన మా ఉద్యోగంలో ఉండాల్సిన మనిషి.

శుక్రవారం

పంచాయితీ బడి అరుగు మీద. అక్కడినుంచి రామక్క చేను కనిపిస్తుంది. విషం చల్లారన్న భయంతో ఆ చేలోకి ఎవరూ గొడ్డును తోలలేదు కాబట్టి పిలకలు అలాగే నిలిచి ఉన్నాయి. నేను రెండు సీసాలు పెట్టాను. ఒకదాంట్లో రాగి గడ్డి, ఒకదాంట్లో ఆ పిలకలు. తరవాత ఎవరూ మాట అనకూడదని రామక్కనే కోసి తెమ్మన్నాను. ఆమే నలిపింది, ఆమే వేసింది. నేను కాగితాలు వేలాడదీసి మూతలు బిగించి ఎండలో పెట్టాను.

"ఏమప్పా, ఊరగాయనా?" అన్నాడు చిన్నప్ప.

"కాసేపు ఉండు తాతా. తెలుస్తాది."

కాసేపు గడిచింది. కాగితాలు పసుపుపచ్చగానే ఉన్నాయి. మరికాసేపు గడిచింది. ఊరంతా రెండు సీసాలను చూస్తూ కూర్చుంది. ఇది తిరగకపోతే క్రిష్ణప్పకు ఆ బావి ఇక లేదు. వాడు అరుగు చివర తల వంచుకుని కూర్చున్నాడు. ఊరిపెద్ద వెంకటప్ప గోడకు ఆనుకుని న్యాయంగా నిద్రపోయాడు.

రామక్క మాత్రం సీసాను చూడడం లేదు. చేతులు కట్టుకుని తన చేనువైపు చూస్తోంది. ఉన్నట్టుండి అరిచింది: "ఓ మరిదీ! నీ ఎద్దు నా చేలో పడింది!"

క్రిష్ణప్ప ఎద్దు పలుపు తెంపుకుంది. పదిరోజులుగా దానికి నీళ్లు సగమే, మేత సగమే. కంటికి పచ్చగా కనిపించిన చోటికి పోయి తలవంచింది. రామక్క మొదటి అరుపు గట్టు తగాదా అరుపే. రెండోది వేరు.

"అయ్యో, తూగతా ఉండాది! పరిగెత్తండప్పా!"

అందరికంటే ముందు ఆమే పరిగెత్తింది. మూడేళ్లలో ఆ మరిది కోసం ఆమె తిట్టకుండా నోరెత్తడం అదే మొదటిసారి అని దారిలో ఎవరో అన్నారు. అది గమనించే తీరిక ఎవరికి ఉందో నాకు తెలియదు. నాకు లేదు.

మేం పోయేసరికి ఎద్దు పడి ఉంది. అదే ఎగశ్వాస. రామక్క కొమ్ములు పట్టుకుని మెడ మీద కూర్చుంది. నేను సూది గుచ్చాను, నరం దొరకలేదు. మళ్లీ గుచ్చాను. దొరకలేదు. మునిరత్నం నెమ్మదిగా అన్నాడు: "సార్, అది నరం కాదు, రామక్క చీర కుచ్చిళ్లు." మూడోసారి దొరికింది. మొదటి మందు, తరవాత రెండోది, మెల్లగా ఎక్కించాను. క్రిష్ణప్ప ఎద్దు వీపు మీద చెయ్యి వేసి ఏదో గొణుగుతున్నాడు. దేవుణ్ణి అనుకున్నాను. దగ్గరికి పోతే, "లెయ్‌రా, లెయ్‌రా, అందరూ చూస్తా ఉండారు" అంటున్నాడు.

శ్వాస నెమ్మదించింది. ఎద్దు తల ఎత్తింది. అప్పుడు హైపో నీళ్లు గొట్టంతో పోశాం. కొంతసేపటికి ముందుకాళ్లు, వెనకకాళ్లు, మొత్తం ఎద్దు లేచి నిలబడింది. లేచీ లేవగానే మళ్లీ ఆ పిలకల వైపే మూతి చాపింది. నలుగురు కలిసి పలుపు పట్టి లాగారు.

అప్పుడు బడివైపు నుంచి వెంకటప్ప వచ్చాడు. నిద్రలేచి చూస్తే అరుగు మీద తనూ, రెండు సీసాలూ తప్ప ఎవరూ లేరట. ఒక సీసాను రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని ఉన్నాడు.

"డాక్టరప్పా, ఇది ఎర్రగా అయిపాయె. నేనేమీ జేయలేదు, సుమ్మనే చూస్తా ఉన్నాను."

కాగితం ఇటుకరంగులో ఉంది. రామక్క సీసా అందుకుని ఎండకు ఎత్తి చూసింది. ఆమె కోసిన ఆకు, ఆమె నలిపిన ఆకు.

చెప్పాల్సింది అప్పుడే అని నాకు తెలుసు. ఈసారి కళ్లద్దాలు తీయలేదు. "అమ్మా, ఎవరూ ఏమీ కలపలేదు. జొన్నే చేసుకుంది, వాన లేక. ఇది నాము. చిన్నప్ప తాత మొదటి రోజే చెప్పినాడు. నాకు ఆ మాట తెల్దు. విషం అని అరిచింది నేను. తప్పు నాది. క్రిష్ణప్పది కాదు."

చిన్నప్ప కర్ర మీది గడ్డం తీసి, ఊరికి వివరించాడు: "ఆయప్పకు నామం అని వినబడింది."

ఊరంతా నవ్వింది. ఉద్యోగంలో నాకు దొరికిన శిక్షల్లో అది చాలా చౌక. దానికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. ఆ రోజునుంచి ఆ ఎద్దు పేరు నామప్ప. నా పేరు కూడా కొన్నాళ్లు అదే.

రామక్క మాత్రం నవ్వలేదు. సీసా నా చేతికిచ్చి బావి దగ్గరికి పోయింది. చేద వేసి నీళ్లు తోడింది. ముందు నామప్ప ముందు తొట్టిలో పోసింది. తరవాత చెంబు ముంచి తెచ్చి, మరిది ముఖం చూడకుండా, చెయ్యి చాపింది.

"తాగు. ఎండలో పరిగెత్తినావు."

క్రిష్ణప్ప చెంబు తీసుకున్నాడు. దాంట్లోకి చూశాడు. పదిరోజులుగా సైకిలు బెల్లు తప్ప ఇంకేమీ వినిపించని ఆ మనిషి నావైపు తిరిగి, చాలా మర్యాదగా అన్నాడు:

"డాక్టరప్పా, నీ పచ్చకాగితం ఇంగొకటి ఉంటే, ముందు దీంట్లో ముంచి చూస్తావా?"

వదిన చెంబు లాక్కోబోయింది. అప్పటికే తాగేశాడు.